మస్కట్ ఫోన్లో మురాద్ భాయ్ పాట

మా చిన్నప్పుడు... మిరపకాయలు ఇంటికొచ్చే రోజుల్లో వినుకొండ దగ్గర మా ఇంటి వసారా అంతా ఎర్రగా ఉండేది. ముక్కులకు గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తుంటే మస్కట్ నుంచి నాన్న ఫోన్ వచ్చేది. అమ్మకి చేతులు మంట కదా... నాతో స్పీకర్ పెట్టించి, ఫోన్ని బోర్లించిన గంప మీద ఉంచమనేది.

నాన్న మాటల వెనకాల ఎవరిదో పాట వినపడేది. బరువైన గొంతు... భాష మాకు తెలీదు.

"ఎవర్రా ఆ పాడేది?" అంది నానమ్మ ఓసారి.

"మా గదిలో ఉంటాడమ్మా, మురాద్ అని. బలూచీ అతను. వాళ్ళ వైపు పేరున్న పాటగాడంట. ఇక్కడ నాతోపాటు బట్టలు కుడుతున్నాడు."

ఎందుకొచ్చాడో మెల్లగా తెలిసింది. వాళ్ళన్నయ్యని ఎవరో బండెక్కించుకుని పోయారట... మళ్ళీ తిరిగి రాలేదు. అన్న మీద ఇతను పాట కట్టి పెళ్ళిళ్ళలో పాడాడు. "తర్వాత నువ్వే" అని కబురొచ్చింది. కట్టుబట్టలతో సముద్రం దాటాడు.

నానమ్మ తనకొచ్చిన ఉర్దూలో అడిగేది, "ఇంటికెప్పుడెళ్తావు బేటా?"

"పాట మానేస్తే రానిస్తారంటమ్మా..." అని నవ్వేవాడు.

మస్కట్లో కూడా అతన్ని పెళ్ళిళ్ళకి పిలవసాగారు. ఎవరో ఆ అన్న పాటని ఫోన్లో తీసి అందరికీ పంపారు... దేశాలు తిరిగింది. నాన్న సంబరంగా చెప్పారు. మురాద్ భాయ్ మాత్రం ఆ వారం ఫోన్ దగ్గరికి రాలేదు.

కొన్నాళ్ళకి ఓ మధ్యాహ్నం మాకు తెలీని నంబర్ నుంచి ఫోన్. మెత్తటి ఉర్దూ. "మురాద్ వాళ్ళ మామయ్యని మాట్లాడుతున్నానమ్మా. వాడెక్కడున్నాడో చెప్తారా?"

నానమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఆ పేరు గలవాళ్ళు మాకెవరూ తెలీదు బాబూ."

"పర్వాలేదమ్మా. మీ అబ్బాయి ఉండే గది మాకు తెలుసు. ఊరికే అడిగాను."

మా నంబర్ వాళ్ళకెలా దొరికిందో ఇప్పటికీ తెలీదు. అమ్మ వెంటనే నాన్నకి చెప్పింది. ఆ సాయంత్రమే మురాద్ భాయ్ గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు... రావలసిన జీతం కూడా అడగలేదట.

చాలాకాలం తర్వాత ఏదో చలిదేశం నుంచి ఫోన్ చేశాడు. అక్కడ తనవాళ్ళు చిన్న హాలు అద్దెకి తీసుకుంటే పాడుతున్నాడట. "ముందు వరసలో కొత్త మొహం కనపడితే పాటలో మాటలు మర్చిపోతున్నానమ్మా" అన్నాడు.

"ఇంక మానెయ్యి బేటా. ప్రాణం కంటే పాటెక్కువా?"

"నేను మానేస్తే అన్నయ్య లేడని ఒప్పుకున్నట్టే కదమ్మా."

ఆ తర్వాత కొన్నేళ్ళు అతని వీడియోలు వచ్చేవి. గడ్డం నెరిసింది, గొంతు ఇంకా లోతుకి దిగింది. ఆ మధ్య ఎప్పుడో ఆగిపోయాయి. నంబర్ మోగడం లేదు. ఎవర్ని అడగాలో కూడా మాకు తెలీదు...

ఇప్పుడు తొడిమలు తీసే ఆడవాళ్ళ చెవుల్లో ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళవి. పాడేది ఎవరు, ఎక్కడివాడు, అన్నం తిన్నాడా అని అడిగే నానమ్మలు లేరు.

మీ ఇంట్లో కూడా అలా వినపడి, ఉన్నట్టుండి ఆగిపోయిన గొంతు ఏదైనా ఉంటే కింద రాయండి...

పేరు మాత్రం రాయకండి. మురాద్ అన్నది కూడా నేను పెట్టిన పేరే.