పియానోకి ఇద్దరు సాక్షులు

మర్రీ నది ఒడ్డునున్న మా కల్డరా ఊరి చరిత్రను రెండు యుగాలుగా విభజించవచ్చు. గ్వెండా "ఇంకెవరు చూశారు?" అని అడగడం మొదలుపెట్టక ముందు, మొదలుపెట్టిన తరవాత. మొదటి యుగంలో మాకు ఘనమైన గతం ఉండేది. పేరుమోసిన దారిదోపిడీ దొంగ మా పబ్బులో బీరు తాగి డబ్బివ్వకుండా పోయాడు. రాణిగారి దగ్గరి చుట్టం ఒకాయన మా రేవులో పడవ దిగి, దోమలు కుట్టి, మళ్ళీ ఎక్కేశాడు. రెండో యుగంలో ఇవేవీ జరగలేదు.

ఆ ప్రశ్న ఆవిడ నోట మొదట ఎప్పుడు వెలువడిందన్న దాని మీద పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. పెళ్ళయిన మొదటి వారంలోనే అంటాడు భర్త ట్రెవ్. పెరట్లో పాము కనబడిందని అతను ఇంట్లోకి పరిగెత్తుకొస్తే, పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా ఆ మాట అందట. ట్రెవ్ వెళ్ళి పక్కింటాయన్ని పిలుచుకొచ్చేసరికి పాము లేదు. ఆ పాము నేటికీ నిరూపణ కాలేదు.

మా చరిత్ర సంఘం గురువారాలు పాత రైల్వేస్టేషను టికెట్ల గదిలో కూడుతుంది. స్టేషనుకు రైళ్ళు రావడం మానేసి చాలా కాలమైంది. సభ్యులం తొమ్మిది మందిమి. అందులో ఇద్దరు కేకు కోసం వస్తారు. పాత ఫోటోల్లో ఉన్నవాళ్ళెవరో తేల్చడం, పాచి పట్టిన సమాధుల మీద పేర్లు చదవడం, ఆదివారాలు చుట్టపుచూపుగా వచ్చిన జనాన్ని ఊరంతా నడిపించి అలిసిపోయేలా చెయ్యడం మా పని. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన గ్వెండా, అధ్యక్షురాలయ్యాక ఒకే ఒక్క నిబంధన పెట్టింది. ఆనాటి కాగితమో ఫోటోనో లేకపోతే, కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు చెబితేనే ఏ సంగతైనా ఊరి చరిత్ర బోర్డుల మీదకి ఎక్కాలి. ఇద్దరు చెప్పాక, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, ఎక్కి తీరాలి.

దీనివల్ల ఊళ్ళో చాలామంది తాతలు పదవులు కోల్పోయారు. నది మీద మొదటి బల్లకట్టు నడిపింది తన తాతేనని క్లారీ జాడో చెప్పుకునేవాడు. దానికి ఏకైక సాక్షి ఆ తాతే. రేవు దగ్గరి బోర్డు దించేసిన రోజు నుంచీ, మాంసం కొట్లో గ్వెండా ఎదురుపడితే క్లారీ సాసేజీల వైపు తిరిగి నిలబడేవాడు.

1956లో మర్రీ నది ఊళ్ళోకి వచ్చింది. దానికి అరవయ్యేళ్ళు నిండుతున్నాయని, ఊరి హాలు ముందు ఇత్తడి బోర్డు పెడతామనీ, రాత మీరివ్వండనీ కౌన్సిల్ వాళ్ళు అడిగారు. ఏం రాయాలో మాకు అనుమానమే లేదు. వరదలో హాలు పియానోని పడవ మీద గుట్ట మీది చర్చికి చేర్చిన సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. చేర్చింది ఎవరంటే మాత్రం "ఎవరో మగాళ్ళు" అంటారు.

ఆ గురువారం టీ మధ్యలో గ్వెండా కప్పు కింద పెట్టింది. "పడవ నడిపింది మా నాన్న," అంది.

కేకు కోస్తున్న ఎల్మా చెయ్యి ఆగింది. పబ్బులో ఆ దొంగకి బీరు పోసింది ఎల్మా తాతగారే, మొదటి యుగంలో.

"గ్వెండా, తల్లీ," అంది ఎల్మా తీయగా. "ఇంకెవరు చూశారు?"

"నేను చూశాను. ఎనిమిదేళ్ళప్పుడు."

"నీతో ఒకరయ్యారు. రెండో మనిషి?"

గ్వెండా కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"మా తాత బీరు పొయ్యడం మా నాయనమ్మ కూడా చూసింది. నువ్వు కొట్టేశావు."

"ఆవిడ చూళ్ళేదు. వంటింట్లోంచి విన్నది."

"బీరు పోసే చప్పుడు ఎవరికి తెలీదే!"

అందరం నవ్వాం. గ్వెండా నవ్వలేదు. ఎందుకో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆవిడ తండ్రి పెర్సీ లింకే చేపలు పట్టుకుని బతికినవాడు. మా సంఘం దగ్గరున్న కాగితాలన్నిటిలో ఆయన పేరు ఒక్కచోటే ఉంది: లైసెన్సు లేని కుక్కని పెంచినందుకు జరిమానా పడినట్టు పాత పేపర్లో. ఆ ముక్క దొరికింది గ్వెండాకే. చింపి పారేస్తే అడిగేవాళ్ళు లేరు. తనే కత్తిరించి, తనే సంఘం పుస్తకంలో అంటించి, కింద తండ్రి పేరు గుండ్రంగా రాసింది. ఆ పేరు ఇంకోచోట కూడా ఉండాలన్నది ఆవిడ కోరిక. అంతకన్నా ఏం లేదు.

ఎల్మా కేకు పెద్ద ముక్క కోసి ఆవిడ పళ్ళెంలో వేసింది. "ఆ పడవలో క్లారీ జాడో ఉన్నాడని మా అమ్మ అంటుండేది. వెళ్ళి అడుగు," అంది. "సాసేజీలు అక్కడుండవులే."

క్లారీ అప్పటికి నది ఒడ్డున వృద్ధుల ఇంట్లో ఉంటున్నాడు. శనివారం గ్వెండా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. కారు నడపడానికనుకున్నాను. "క్లారీ ఏం చెప్పాడో వినడానికి రెండో మనిషి ఉండాలిగా," అందావిడ కారెక్కుతూ.

క్లారీ రేడియోలో ఫుట్‌బాల్ వింటున్నాడు. మమ్మల్ని చూసి చప్పుడు తగ్గించాడు, ఆపలేదు.

"ఏమే గ్వెండా! మా తాతని బోర్డు మీంచి దింపావు, ఇప్పుడు మీ నాన్నని ఎక్కించడానికొచ్చావా?"

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎల్మా ఫోన్ చేసింది. నర్సు కూడా వింది. ఇద్దరు సాక్షులు, చాలా?"

గ్వెండా కుర్చీ అంచున కూర్చుంది. "ఆ పడవలో మీరున్నారా, క్లారీ?"

"మా తాతని తిరిగి రేవులో పెట్టు, చెబుతా."

"ఇంకో సాక్షి దొరికితే పెడతాను."

"అయితే నేను పడవే చూళ్ళేదు. నాకు ఈతే రాదు."

ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక చూసింది. తరవాత సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. నిజం చెప్పొద్దూ, నేనైతే అక్కడే ఆ తాతకి బోర్డేమిటి, విగ్రహం కూడా ఒప్పుకునేవాణ్ణి.

"కూర్చో పిల్లా, కూర్చో," అన్నాడు క్లారీ. "మీ ఇంట్లో అందరూ ఇంతే. ఆ రోజు మీ నాన్నా ఇంతే. నేనూ ఒక తెడ్డు వేస్తానంటే ఇచ్చాడా? రెండూ తనే పట్టుకున్నాడు. నేను పియానోని కావిలించుకు కూర్చున్నా, పెళ్ళికూతుర్లా."

"అంటే మా నాన్నే."

"పెర్సీనే. ఇంకెవడికి ఉంటుందంత మొండితనం? కానీ నా మాట రాస్తే మొత్తం రాయాలి. నీకు పనికొచ్చింది ఉంచుకుని తక్కింది కొయ్యకూడదు."

"కొయ్యను."

"అయితే విను. రొట్టెల కొట్టు దగ్గర పడవ ఒరిగింది. పియానో సగందాకా నీళ్ళు తాగింది. దాని గొంతు సగం పోయింది అప్పుడే, వరద ముంచి కాదు."

నాకు ఆగలేదు. "హాల్లో వదిలేసుంటే పూర్తిగా మునిగేదిగా?" అన్నాను.

క్లారీ రేడియో ఆపేశాడు. "హాల్లోకి చుక్క నీరు రాలేదు నాయనా. నది మెట్ల మీదే నిలబడిపోయింది. లోపల పేకాట బల్ల కూడా తడవలేదు. వదిలేద్దాం పెర్సీ, అన్నాను. నేను వదిలే రకం కాదురా, అన్నాడు." అని గ్వెండా వైపు తిరిగాడు. "నువ్వూ ఉన్నావుగా అక్కడ. ఎర్ర కోటు."

గ్వెండా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "హాలు గుమ్మంలో కూర్చుని జామ్ రొట్టె తిన్నాను," అంది. "మేజోళ్ళు తడవలేదు."

"ఇద్దరమయ్యాం," అన్నాడు క్లారీ. ఆ మాట ఎగతాళిగా అనలేదు.

తిరుగు దారిలో నేను కాస్త తెలివి ప్రదర్శించాను. బోర్డు చిన్నది, అన్నీ పట్టవు, పియానో తడిసిన మాట దాకా రాసి ఆపెయ్యొచ్చు, నేను ఎవరికీ చెప్పను అన్నాను. "బండి చూసి నడుపు, కీత్," అంది. రాత తనే రాసి నేరుగా కౌన్సిల్‌కి పంపింది. మాకెవరికీ చూపించలేదు.

ఆగస్టు అంటే మాకు చలికాలం. ఆ చలిగాలిలో హాలు ముందు సగం ఊరు చేరింది. బోర్డు మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. క్లారీని చక్రాల కుర్చీలో తెచ్చి ముందు వరసలో పెట్టారు. మేయరు గారు వరద కోరల్లోంచి మన సంస్కృతిని లాక్కొచ్చిన వీరుల గురించి మాట్లాడారు. పియానో లేకపోతే జాతి ఎక్కడుంటుందని అడిగారు. బడిపిల్లలు ఆ పియానో మీదే జాతీయగీతం వాయించారు. కింది సగం స్వరాలు మోగవు గనక పై సగంతోనే వాయించారు. గ్వెండా ట్రెవ్ పక్కన, కోటు గుండీలన్నీ పెట్టుకుని, క్లాసులో ఇన్‌స్పెక్టర్ ఉన్నట్టు నిలబడింది.

మేయరు గారు గుడ్డ లాగారు. లాగి, అలవాటు ప్రకారం, రాసింది పైకి చదివారు.

"1956 వరదలో ఈ హాలు పియానోని పెర్సీ లింకే తన పడవలో గుట్ట మీది చర్చికి తీసుకువెళ్ళారు. క్లారీ జాడో సాయం చేశారు. దారిలో పియానో తడిసింది. హాల్లోకి నీళ్ళు రాలేదు."