రెండుసార్లు పిలిచే దయ్యం

మా చిన్నప్పుడు బీదర్‌లో మా ఇంటి తలుపు బయట నిలబడి ఎవరైనా ఒక్కసారి పిలిస్తే పలికేవాళ్ళం కాదు... రెండోసారి పిలవాలి. దయ్యం ఒక్కసారే పిలుస్తుందని, అదీ మన ఇంటివాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని మా నానమ్మ నమ్మకం. అందుకే ఆమె ఎవరినైనా, నన్నైనా సరే, రెండుసార్లు పిలిచేది. "సుజీ... ఓ సుజీ..."

హైదరాబాద్‌లో కంప్యూటర్ నేర్చుకుంటే చాలు, బతుకు బాగుపడుతుందనే రోజులవి. మా పెద్దనాన్న కొడుకు శీనన్న అమీర్‌పేటకు పోయి కోర్సు చేసి, ఒక పాత కంప్యూటర్‌ను బొంతలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఉద్యోగం ఎప్పుడురా అని ఊరంతా అడుగుతుంటే, ఆయన మాత్రం ఇంట్లో కూర్చుని ఆట తయారుచేశాడు. దయ్యం ఆట...

అందులో కార్లు లేవు, తుపాకులు లేవు. ఒక చీకటి ఇల్లు, గూట్లో దీపం, ఒక తలుపు... అచ్చం మా ఇల్లే. బయట నుంచి ఎవరో పిలుస్తారు. మనిషైతే తలుపు తీయాలి. దయ్యమైతే తలుపు మీద 'నాళె బా' అని రాయాలి, అంటే కన్నడంలో 'రేపు రా' అని. అది చదివి దయ్యం తిరిగి వెళ్ళిపోతుంది. మా గల్లీలో కొన్ని తలుపుల మీద నిజంగానే సుద్దముక్కతో అలా రాసి ఉండేది.

చివరి దయ్యానికి గొంతు కావాలని శీనన్న నానమ్మను మైకు ముందు కూర్చోబెట్టాడు.

"నా గొంతు దయ్యానికి ఇస్తవారా? సిగ్గు లేదా?"

"ఖాలీ ఒక్కసారి సుజీని పిలువు నానమ్మా. ఒక్కటే సారి."

పిలిచింది. "సుజీ... ఓ సుజీ... తలుపు తియ్ బిడ్డా."

మళ్ళీ మళ్ళీ చెప్పినా అంతే. "ఒక్కసారి పిలిచి ఊకుంటే పోరి భయపడదా?" అనేసి జొన్నలు చెరగడానికి లేచిపోయింది. విసిగిపోయి శీనన్న దాన్నే పెట్టేశాడు.

మధ్యాహ్నాలు కిటికీకి దుప్పటి కట్టి ఆడేదాన్ని. గజ్జెల చప్పుడు, అటక మీద అడుగులు... అన్నీ దాటేదాన్ని. చివర్న ఆ గొంతు. రెండుసార్లు పిలిచింది కదా అని తలుపు తీసేదాన్ని. తెరంతా ఎర్రబడి ఆట అయిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"రెండుసార్లు పిలిచింది, మనిషే. నీ ఆటే తప్పు" అని పోట్లాడేదాన్ని.

"అది దయ్యమని చెప్పిన గదా. రాయి, గెలుస్తవ్" అనేవాడు.

రాయబుద్ధి అయ్యేది కాదు. నానమ్మకు 'రేపు రా' అని ఎట్లా రాస్తాం? ఆ రెండో పిలుపు తీసెయ్యమని ఏడ్చాను. చేస్తా చేస్తా అంటూనే హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఆటను ఒక సీడీలో వేసి నా చేతిలో పెట్టాడు. నేను గెలవకుండానే పెద్దదాన్నైపోయాను.

నానమ్మ పోయాక గానీ తెలియలేదు, ఆమె గొంతు ఇంకెక్కడా లేదని. పెళ్ళి క్యాసెట్లలో కూడా వెనకెక్కడో కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నిలబడింది. ఆ సీడీ పట్టుకుని తిరగని షాపు లేదు... ఇప్పటి కంప్యూటర్లలో అసలు సీడీ పెట్టే చోటే లేదు. ఉన్నచోట పెడితే గర్రుమని తిరిగి ఆగిపోతుంది. శీనన్నను అడిగితే "ఆ పాత కంప్యూటర్ డిస్కు ఎప్పుడో ఫార్మాట్ కొట్టిన సుజీ, అంతా పోయింది" అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ ఆయన మీద నాకు కోపమే.

ఇప్పుడు జానపద దయ్యాల ఆటలు ఫోన్లోకే వస్తున్నాయి. వాన, మంచు, చెవి పక్కనే ఊపిరి... అన్నీ అద్భుతంగా చేస్తున్నారు. ఒక్కటీ భయపెట్టదు. ముక్కూ మొహం తెలియని గొంతు పిలిస్తే తలుపు తీయకుండా ఉండటం ఏం గొప్ప?

మీ ఇంట్లో ఏ పాత క్యాసెట్లోనైనా మీవాళ్ళ గొంతు ఉంటే ఇవాళే తీసి వినండి. అది ఎవరి గొంతో, మిమ్మల్ని ఏమని పిలుస్తుందో కింద రాయండి...

నాకైతే ఆ తలుపు బయట నుంచి నానమ్మ ఒక్కసారి పిలిచినా చాలు. రెండో పిలుపు దాకా ఆగను.