జోజిబాబు గాలి వార్తలు

మా జోజిబాబుకి లోకంలో ఎక్కడ గాలి పాడైనా తెలియాలి. తెలిశాక మాకు చెప్పకుండా ఉండలేడు. అదొక్కటే ఆయన జబ్బు. మిగతా అన్ని విధాలా ఆరోగ్యవంతుడు.

రెడ్డిగూడెం పోస్టాఫీసులో ఉత్తరాలకు ముద్రలు కొట్టే ఉద్యోగం. తెల్లవారగానే షార్ట్‌వేవ్ రేడియోకి చెవి ఆనించి, విన్నదంతా తన అరుగు మీది నల్లబల్లపై రాసేవాడు.

"అంకారాలో బొగ్గుపొగ. మెక్సికోలో కళ్ళమంటలు. సహారా దుమ్ము సముద్రం దాటుతోంది. రెడ్డిగూడెంలో ఫర్వాలేదు."

ఆ చివరి ముక్కకు మాత్రం రేడియో అక్కర్లేదు. వాకిట్లో తెల్ల తువ్వాలు కట్టి, దాని రంగు చూసి తేల్చేవాడు. పక్కింటి వరలక్ష్మి ఒకసారి అది మాసిందనుకుని ఉతికేసింది.

"నా మూడు రోజుల లెక్క సబ్బునీళ్ళలో పోసేశావు కదమ్మా!"

"అయ్యో! ఇంకేమైనా లెక్కలుంటే ఇటు పడెయ్యండన్నయ్యా, ఎలాగూ చేతులు తడిశాయి."

విదేశాల వాతావరణ కేంద్రాలకు ఉత్తరాలు కూడా రాసేవాడు. జవాబుగా అంకెలు నిండిన కాగితాలొస్తే శుభలేఖలు అందినట్టు మురిసిపోయేవాడు.

మా తోటల్లో అప్పట్లో ఒక అలవాటుండేది. జనవరిలో మామిడి పూతకు తేనెమంచు పురుగు పడుతుందని ఎండాకులు పోగేసి పొగ పెట్టేవారు. ఒకరు పెడితే, ఆ పురుగంతా తమ తోటలోకి వస్తుందని పక్కవాళ్ళూ పెట్టేవారు. గంటలో ముప్ఫై తోటలు పొగలో మునిగేవి.

ఎనభై నాలుగులో ఆ పొగకు, శ్రీరాములుగారి తోట కాపలా చూసే అచ్చమ్మ ఊపిరాడక పడిపోయింది. జోజిబాబూ, బడిపంతులునైన నేనూ ఆమెను మోసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాం.

"మా షావుకారికి చెప్పకండయ్యా," అంది తేరుకోగానే. "ఆయాసం మనిషినని తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు. ఇంకోసారి ఇంత పొగ తగిలితే మాత్రం బతకను."

"అలాగేలే అచ్చమ్మా," అని జోజిబాబు రేడియో వైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండింది. సహారా మీదున్న బెంగ ఈ మనిషి మీద లేదే అనుకున్నాను.

మరుసటి జనవరిలో ఒకరోజు పొద్దెక్కినా మంచు విడలేదు. ఆకు కదలడం లేదు. శ్రీరాములుగారు తోటలో ఆకులు పోగేయిస్తున్నారని తెలిసింది. జోజిబాబు నల్లబల్ల నెత్తిన పెట్టుకుని పరుగు. వెనకాల నేను.

"శ్రీరాములుగారూ, జర్మనీలో పొగ ఎమర్జెన్సీ అండీ! పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుందట. కింద పొగ కదలడం లేదట. కార్లు ఆపేశారు, ఫ్యాక్టరీలు ఆపేశారు!"

"అయితే మన ఆకులకేంటయ్యా?"

"ఇవాళ మన మీదా మూతే. అదిగో, ఆ ఇటుకబట్టీ పొగ చూడండి. పైకి లేవలేక నేలమీద పాకుతోంది."

"సరే, పొగ పెడితే ఎవరికి నష్టం? పేరు చెప్పు."

అచ్చమ్మ పాక గుమ్మంలో నిలబడి జోజిబాబు మొహమే చూస్తోంది.

"మీ పరువుకండీ," అన్నాడు జోజిబాబు. "వాళ్ళు కార్లు ఆపారు, రెడ్డిగూడెంలో శ్రీరాములుగారు ఆకులు ఆపలేకపోయారు అని జర్మనీకి రాయాల్సొస్తుంది."

"రాసేదేంటయ్యా! పేరుతోనా?"

"ఇంటిపేరుతో సహానండి."

శ్రీరాములుగారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "ఒరేయ్, ఆపండ్రా! పక్క తోటలకీ కబురెట్టండి. ఇకనుంచి గాలి ఆడే రోజునే, అదీ వంతులవారీగా!" అని, ఆనక గొంతు తగ్గించి, "ఆపామని మాత్రం రాయవయ్యా," అన్నారు.

తిరిగొస్తూ అడిగాను. "అచ్చమ్మ కోసమేనా ఇన్నాళ్ళూ ఈ వేషం?"

"వేషమేంటి మాస్టారూ! నాకు నిజంగానే పిచ్చి. ఏదో, ఒక మనిషికి పనికొచ్చింది."

ఇంతలో వెనక తోటలో మేకలు పడ్డట్టున్నాయి. అచ్చమ్మ గొంతు అందుకుంది. మేకల్ని, వాటిని తోలినవాణ్ణి, వాణ్ణి కన్నవాళ్ళని, వాళ్ళకి పెళ్ళి కుదిర్చినవాళ్ళని, ఎక్కడా తెగకుండా ఒకటే వరస.

జోజిబాబు నా చెయ్యి పట్టుకుని ఆపి, పాటకచేరీ వింటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

"విన్నారా మాస్టారూ! ఇంకా ఊపిరి తీసుకోలేదు!"