కింది కాగితం

నిన్న పొద్దున ట్రంకుపెట్టె మూత ఎత్తగానే కార్బను కాగితాల వాసన ముక్కుకు తగిలింది. మైనమూ ఇంకూ కలిసిన వాసన. వాడిన కార్బను పారేయడం నాకు చేతకాదు. వెలుతురుకు పట్టి చూసి, నీలం ఇంకా ఏ మూల మిగిలిందో వెతుక్కుని, అక్షరాలు అక్కడ పడేలా తిప్పి పెట్టుకుంటాను. ఒక్కో కాగితం జల్లెడలా అయ్యేదాకా వదలను. ఆ వాసన తగిలితే చాలు, ఎదురింటి అరుగు మీద కూర్చున్న సలోమి టీచరుగారు కళ్లముందుకు వస్తారు. ఎప్పుడూ నీలంగా ఉండే ఆవిడ బొటనవేలు, "ఒత్తి రాయవే కోటమ్మా, కింది కాగితానికి దిగాలి" అనే గొంతు. ఆవిడ పోయి రెండేళ్లు కావస్తోంది. ఇప్పుడు నా వేలు నీలంగా ఉంటోంది.

మా ఊరు వినుకొండకు బస్సులో అరగంట. ఆవిడ ఇక్కడి చిన్నబళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కూడా మా ఎదురింట్లోనే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఊళ్లోవాళ్ల అర్జీలు. నేను మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. అయినా కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ కులం చూసి ఆవిడింట్లో మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు. ఇది రాయడానికి చేయి రావడం లేదు, కానీ రాయకపోతే ఆవిడ గురించి రాసినట్టు కాదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. నేను వెళ్తే పీట వేసేవారు, నీళ్లు మాత్రం ఇచ్చేవారు కాదు. నేను వద్దనే అవసరం రాకూడదని అలా చేశారని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఒక ఎండాకాలం మా వీధి బోరింగు చెడిపోయింది. నా నోరు ఊరందరికీ తెలుసు. రోజూ పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి ప్రెసిడెంటును, వాళ్ల తాతముత్తాతలను కలిపి కడిగేసి వచ్చేదాన్ని. టీచరుగారు అరుగు మీది నుంచి పిలిచారు.

"తిట్టబట్టి ఎన్నాళ్లయిందే?"

"వారం, టీచరమ్మా."

"నీళ్లొచ్చినయ్యా?"

"రాలా."

"అయితే ఇట్టా వచ్చి కూర్చో."

నా చేతనే రాయించారు. తిట్టు రాయకూడదు. ఎప్పుడు చెడింది, ఎవరికి చెప్పాం, ఏం కావాలి, అంతే. కింద కార్బను పెట్టి రెండు ప్రతులు తీయాలి. పైది వాళ్లకిచ్చి, కింది దాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని తెచ్చుకోవాలి. "పైది పోయిందంటారు, అందలేదంటారు. కిందిది మన దగ్గరుంటుందిగా" అనేవారు. అక్షరం అక్షరం కూడగట్టుకుని గంటసేపు రాసి, తీరా తీసి చూస్తే కింది కాగితం తెల్లగా ఉంది. నేను కార్బను తిరగేసి పెట్టాను. అక్షరాలన్నీ పై కాగితం వెనకాల తిరగబడి పడ్డాయి. టీచరుగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "మీ ఆఫీసరు అద్దం తెచ్చుకుని చదవాల్సిందేనే" అన్నారు. మళ్లీ రాయించారు. బోరింగు పదో రోజున బాగయింది. ఆ రోజు ఆవిడింట్లో నేనే అడిగి నీళ్లు తాగాను.

నా కొడుకు కూతురు శైలజ ఆవిడ బళ్లోనే చదివింది. రోజూ పాఠం మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరినీ లేపి, దారిలో ఏం చూశారో చెప్పమనేవారు. చూసింది చెప్పాలి, చూడనిది చెప్పకూడదు. ఒకరోజు ఇది లేచి, బడి వరండాలో ఒక పెద్దమనిషి పందెం కోళ్లు కట్టేస్తున్నాడని చెప్పింది. ఆ పెద్దమనిషి మా మరిది. ఇంటికి రాగానే దాని వీపు మీద రెండు వేశాను. టీచరుగారు మటుకు మా మరిది దగ్గరికి వెళ్లి కోళ్లు తీయించి, తిరిగి వెళ్తూ నా గుమ్మంలో ఆగారు. "చూసింది చెప్పినందుకు పిల్లని కొడితే, రేపు నీకు చెప్పాల్సింది కూడా దాచుకుంటదే" అన్నారు. నేను మళ్లీ కొట్టలేదు.

శైలజ నర్సు చదివి, ఒక ఎడారి దేశంలో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్లింది. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. మన పిల్లలు అక్కడ ఇంకా చాలామంది ఉన్నారు. మూడో ఏడు ఎండల్లో, కట్టడం పనిలో వడదెబ్బ తగిలిన కూలీలను దాని వార్డుకు తెచ్చేవారట. అందులో మన భాష మాట్లాడేవాడు ఒకడు దాని చేతుల్లోనే పోయాడు. ఆ రాత్రి డ్యూటీ దిగి ఫోనులో నాలుగు వరుసలు రాసింది. ఇంత ఎండలో మిట్టమధ్యాహ్నం పని ఆపించే పెద్దలు ఈ దేశంలో లేరా, ఉంటే వాళ్లకు కనబడటం లేదా అని. తెలుగులోనే రాసింది, తెలిసినవాళ్ల కోసం. ఎవరో దాన్ని వాళ్ల భాషలోకి మార్చి పైవాళ్లకు చూపించారు. నాలుగో రోజున పోలీసులు హాస్టలుకు వచ్చారు. ఏలేవాళ్లను కించపరిచిందని కేసు. దాని గదిలో ఉండే పిల్ల ఫోను చేసి, రెండు ముక్కలు చెప్పి భయపడి పెట్టేసింది.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. కడుపు మండితే మా వైపు ముసలాళ్లం చేసే పనే. వీధిలోకి వచ్చి గుప్పెడు మన్ను తీసి ఎగరేసి, ఆ దేశాన్ని ఏలేవాడిని నోటికొచ్చినట్టు శపించాను. నీ గద్దెకు చెదలు పట్ట, నీ వంశం నేలమట్టం గాను, నా పిల్లని మింగినోడా అని. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. ఫోనులో మైకు గుర్తు నొక్కి పట్టుకుని ఆ శాపాలన్నీ మళ్లీ చెప్పి, శైలజ నంబరుకే పంపాను. ఎక్కడున్నా వింటుందని, నాయనమ్మ నోరు మూసుకుని కూర్చోలేదని దానికి తెలియాలని. దాని ఫోను పోలీసుల దగ్గర ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు.

ఇరవై రోజుల తర్వాత, అక్కడ కోర్టు పనులు తెలిసిన ఒక తెలుగాయన మా అబ్బాయికి ఫోను చేశాడు. ఫైలులో ఒక ముసలావిడ గొంతు ఉందట. గద్దె కూలుస్తామని, వంశాన్ని మట్టుబెడతామని బెదిరించినట్టు దాన్ని వాళ్ల భాషలో రాసుకున్నారట. ఆవిడ ఎవరు, ఏ సంఘం మనిషి, ఆవిడ వెనక ఎవరున్నారని శైలజను రోజుల తరబడి అడిగారట. మా అబ్బాయి ఫోను పెట్టేసి, నా వంక చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. నన్ను కొట్టినా బాగుండేది.

తలుపు వేసుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు టీచరుగారు కర్ర ఊతంగా వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. తిడతారనుకున్నాను. కాగితాలు, కార్బను ముందర పెట్టారు.

"రాయి. ఆ మాటలు నావి, మా పిల్ల చెప్పించలా, వినను కూడా వినలా, దాని ఫోను మీ దగ్గరే ఉంది, అని."

"తప్పయిందని కూడా రాయాలా?"

"నీకు తప్పనిపిస్తే రాయి. లేకపోతే వద్దు. నీ మాట నీదని మాత్రం ఒప్పుకో. ఆ బరువు పిల్ల మొయ్యాల్సింది కాదు."

నేను తప్పయిందని రాయలేదు. మన్ను ఎగరేయడం మా వైపు ఏడుపులో భాగమని, అందులో కత్తీ లేదు కర్రా లేదని, నేను అరవై ఎనిమిదేళ్ల ముసలిదాన్నని, నాకు ఏ సంఘమూ లేదని రాశాను. ఫోను చేసిన ఆ తెలుగాయన ద్వారా అక్కడి కోర్టుకు పంపాం. ఇంకో అర్జీ మన సర్కారుకు. దాంట్లో ఆవిడ మూడు మాటలే పెట్టించారు. మన రాయబార ఆఫీసు వాళ్లు పిల్లను చూసి రావాలి. దానికి వకీలును పెట్టాలి. తెలుగు తెలిసిన మనిషి కోర్టులో దాని పక్కన నిలబడాలి.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారని నరసరావుపేట బస్సు ఎక్కాం. అక్కడ కాగితాలు తీసుకునే కుర్రవాడు చెడ్డవాడేం కాదు. చదివి, విసుక్కోకుండానే అన్నాడు.

"అక్కడి చట్టం వాళ్లది పెద్దమ్మా. మనం ఏం చెయ్యగలం? పరాయి దేశం పోయినప్పుడు నోరు అదుపులో పెట్టుకోవద్దా?"

నా నోరు లేవబోయింది. టీచరుగారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఆ పిల్ల పాసుపోర్టు మీద ఏం బొమ్మ ఉంది నాయనా?"

"మూడు సింహాలు."

"ఆ బొమ్మ ఒప్పు చేసినోళ్లకేనా? తప్పు చేసిందో లేదో కోర్టు చూసుకుంటది. వాళ్ల చట్టాన్ని మార్చమని మేం రాయలా. మా మనిషిని మీరు చూసి రండి, చూసింది మాకు రాయండి. ఇంతే అడిగాం."

కుర్రవాడు ముద్ర తీసి కింది ప్రతి మీద కొట్టాడు. ఆ చప్పుడుకే ఏదో అయిపోతుందనుకున్నాను. ఏమీ కాలేదు. మళ్లీ సోమవారం వెళ్లాం. ఆ మళ్లీ సోమవారం కూడా.

ఒకనాడు తిరుగు బస్సులో, ఎండకూ ఆకలికీ నా ఓర్పు చచ్చిపోయింది. "చూసింది చెప్పమని దానికి నేర్పింది మీరేగా. నేను కొట్టిన రోజునే భయం చెప్పుంటే ఈపాటికి ఇంట్లో ఉండేది" అన్నాను. చుట్టూ జనం. ఆవిడ కిటికీలోంచి మిరప తోటల వంకకు తిరిగారు.

"నేర్పింది నేనే" అన్నారు. "ఎక్కడ ఆపాలో నేర్పలా. నాకే తెలవదు. ఇక్కడ మాత్రం ఏముందిలే. రోడ్డు గుంటల ఫొటో ఫోనులో పెట్టాడని పక్కూరి పిల్లోణ్ణి పొద్దుగూకేదాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. నీలాంటిది వీధిలో ఎంత తిట్టినా ఎవరూ పట్టించుకోరు. ముసలిదిలే అని. అది స్వేచ్ఛ అనుకున్నాం మనం."

తర్వాత చాలా మెల్లగా, "రాత్రిళ్లు మెలకువొస్తే ఆ పిల్లనే తలుచుకుంటున్నానే" అన్నారు. నేను అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాల్సింది. బస్సు దిగేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, అంతే చేయగలిగాను.

ముద్రలు పడిన కింది కాగితాలు నా పెట్టెలో ఒక దొంతరయ్యాయి. ఎప్పటికోగాని ఉత్తరం రాలేదు. మన ఆఫీసువాళ్లు శైలజను చూశారని, ఒంట్లో బాగానే ఉందని, వకీలును ఏర్పాటు చేశారని ఉంది. నా గొంతు సంగతిని కేసులోంచి తీసేశారని కూడా. అప్పటికి టీచరుగారు మంచం పట్టారు. ఉత్తరం నేనే తడుముకుంటూ చదివాను, తప్పు చదివితే ఆవిడ దిద్దారు. "చూశారు" అన్న మాట దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. మూడుసార్లు చదివించుకున్నారు. ఆ వారంలోనే పోయారు.

చర్చి వెనక సమాధుల తోటలో ఆవిడ పెట్టెను దించాక, ఒక్కొక్కరూ గుప్పెడు మన్ను వేస్తున్నారు. నన్నూ వేయమన్నారు. వంగి మన్ను తీసుకున్నాను. అదే చెయ్యి. ఈసారి నోట మాట లేదు. మన్ను పెట్టె మీద పడిన చప్పుడు విని ఇంటికి వచ్చేశాను.

ఆవిడ పోయిన ఐదు నెలలకు, అక్కడి కోర్టు వేసిన శిక్ష పూర్తయిందని శైలజను పంపించేశారు. మనిషి వచ్చింది. మాట రాలేదు. అన్నం తింటావా అంటే తల ఊపుతుంది. అక్కడ ఏం పెట్టారు, ఎవరైనా కొట్టారా అంటే, "ఏమో నాయనమ్మా" అంటుంది. ఎవరైనా ఫోను చేతికిస్తే పాముని చూసినట్టు పక్కన పెట్టేస్తుంది. టీచరుగారి సమాధి దగ్గరికి తీసుకెళ్తే చీకటి పడేదాకా కూర్చుంది, ఏడవలేదు. సర్కారు వాళ్లు నా పిల్లను చూసి వచ్చారు, వకీలును ఇచ్చారు, విమానం ఎక్కించారు. దాని మాటను తెచ్చిమ్మని మటుకు ఏ కాగితంలో రాయాలో, ఏ ఆఫీసులో ఇవ్వాలో నాకు తెలియదు.

నిన్న పెట్టె తెరిచింది నూజెండ్ల వైపు నుంచి వచ్చిన ఒకావిడ కోసం. ఆమె పెనిమిటి ఎక్కడో పరాయి దేశంలో డ్రైవరట, ఎవరో పెట్టిన ఫొటో ఇంకొకరికి పంపాడని పట్టుకున్నారట. ఎవరు చెప్పారో, "మీరు రాస్తారంట గదా అత్తా" అని ఏడుస్తూ అరుగు మీద కూలబడింది. ముందు నీళ్లిచ్చాను. ఫోను తీసి పక్కన పెట్టించి, ఎవరికీ ఏమీ పంపవద్దని చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని కాగితాలు సర్దుకుని, తేదీ వేయబోతున్నాను. శైలజ ఎప్పుడొచ్చిందో, గుమ్మంలోంచి చూస్తోంది. వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి చాపి పై కాగితం ఎత్తి, తిరగబడి ఉన్న కార్బనును సరిగా తిప్పి పెట్టి, అంచులు కలిపింది. ఒక్క మాట అనలేదు. లేచి వెళ్లనూ లేదు.

నేను ఒత్తి రాయడం మొదలుపెట్టాను.