నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర

2023 వేసవి. ఏలూరులో నేను పనిచేసే చెవుల క్లినిక్. చప్పుడు చొరని గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న ప్రదీప్ అంతవరకూ ప్రతి శబ్దానికీ బటన్ నొక్కాడు. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర, అంటే ఈలలాంటి సన్నని స్వరం దగ్గర, నొక్కలేదు. సౌండ్ పెంచాను. మళ్ళీ పెంచాను. ముప్ఫై నిండని మనిషి.

నేను ఆడియాలజిస్టును, వినికిడిని కొలవడం నా పని. ఆ కొలతల గీతను ఆడియోగ్రామ్ అంటాం. పెద్ద మోతల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళ గీత సరిగ్గా అక్కడే గుంటలా దిగుతుంది. ప్రదీప్‌ది తాడేపల్లిగూడెంలో పది నెలల క్రితం మొదలైన సింథ్-పాప్ బ్యాండ్. అంటే వాయిద్యాలన్నీ సింథసైజర్ అనే కీబోర్డులోంచే. బ్యాండంతా ఇద్దరే: వాయించేది అతను, పాడేది భార్య లావణ్య.

"ప్రాక్టీస్ ఎక్కడండి?" అన్నాను.

"కొల్లేరు వైపు మా మావయ్యగారి చేపల చెరువుందండి. గట్టు మీద షెడ్డులో. ఇంతవరకూ ఒక్క చేప కూడా కంప్లైంట్ చెయ్యలేదండి."

"డీజిల్ ఇంజిన్ కూడా అందులోనే ఉందని చెప్పరేం?" అంది లావణ్య.

చెరువు నీటికి గాలి పట్టించే ఇంజిన్ అది. దాని మోత వినపడకుండా ఇద్దరూ ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ పూర్తిగా పెంచి, రోజూ మూడేసి గంటలు. లావణ్యనూ పరీక్షించాను. అదే గుంట, కాస్త తక్కువ లోతు.

నాకొక అనుమానం వచ్చి, వాళ్ళ నాలుగు పాటలూ చేసిన వరసలోనే వినిపించమన్నాను. మొదటిది మెత్తగా ఉంది. నాలుగోది ఈలలా చెవిలో గుచ్చింది. పై స్వరాలు వినపడడం తగ్గేకొద్దీ ప్రదీప్ వాటిని పెంచుకుంటూ పోయాడు. లావణ్యకూ అవే తగ్గడంతో, ఎక్కువైందని చెప్పేవాళ్ళే లేకపోయారు.

"కాలేజీ ప్రోగ్రాంలో ముందు వరస పిల్లలు చెవులు మూసుకుంటే, అదరగొట్టేశాం అనుకున్నాం కదండీ!" అంది భర్తతో.

ప్రదీప్ నవ్వలేదు. "మందులున్నాయాండి?"

"పోయింది తిరిగి రాదండి. ఉన్నది కాపాడుకోవచ్చు. ఈ వాయింపు ఆపెయ్యాలి."

"శనివారం ప్రోగ్రాం ఉందండి. ఆ ఒక్కటీ..."

లావణ్య చెయ్యి చాపింది. "ఫోన్ ఇలా ఇవ్వండి. రాలేమని నేనే చెబుతాను."

ఆ బ్యాండ్ నా బల్ల ముందే ముగిసింది.

ఇంటికి వెళుతుంటే మా పాప గుర్తొచ్చింది. డ్యాన్స్ క్లాసులో స్పీకర్ చెవిలో గుచ్చుతోందని వారం నుంచి చెబుతోంది. "అందరూ బాగానే ఉన్నారుగా" అని నేనే కసిరాను.

మర్నాడు పొద్దున్న జడ వేస్తూ పాపకీ, పక్కనే పాలు తాగుతున్న బాబుకీ చెప్పాను: "చెవి నొప్పెడితే, అందరూ బాగుందన్నా సరే, లేచి బయటికి వచ్చెయ్యండి. నేను కసిరినా సరే."