సంజీవరావు మఫ్లరు

నాచారం సంజీవరావు ఎండాకాలంలోనూ మెడకు మఫ్లరు చుట్టుకునేవాడు, వేడినీళ్లే తాగేవాడు. గొంతే ఆయన బతుకుదెరువు. డబ్బింగ్ సినిమాల్లో గుంపు అరుపులన్నిటిలోనూ ఆయన ఉంటాడు. రాకాసిబల్లుల సినిమా రెండో భాగంలో మాత్రం తొలిసారి సొంతంగా ఒక డైలాగు దొరికింది. బల్లి నోట్లో పడబోతూ ఒకడు "నన్ను వదిలి పోకండి!" అని అరవాలి. సినిమాలు పాపమని ఎన్నడూ హాలు గడప తొక్కని భార్య రాహేలు, ఆ ఒక్క మాట వినడానికే ఉప్పల్‌లో మ్యాట్నీకి వచ్చింది. బయటికి రాగానే ఆయన ఆత్రంగా అడిగాడు, "ఎట్లున్నది నా డైలాగు?"

"గా బల్లి నోరు తెరవంగనే భయమై చెవులు మూసుకున్న. ఏమన్నవో జర ఇప్పుడు జెప్పరాదూ" అందామె.

సంజీవరావు మఫ్లరు వదులు చేసుకుని గొంతు సవరించుకున్నాడు. చుట్టూ జనం. "ఏం లేదు తియ్, బస్సొస్తున్నది" అన్నాడు. రోడ్డు మీద బస్సేదీ లేదు. మర్నాడు పనికి మఫ్లరు లేకుండానే వెళ్లాడు.