యజమాని గడి

ఆఫీసులో ఆయన్ని అందరూ గుమాస్తాగారు అనేవారు. చేసేది మాత్రం జావాస్క్రిప్టులో ప్రోగ్రాములు రాసే పని. బ్లాక్‌చైన్ అనే ఉమ్మడి చిట్టాలో ఒకసారి రాసింది ఇక చెరగదు. అందుకే, కస్టమర్ల రికార్డుల్ని అక్కడికి పంపే టూల్ మొదలయ్యేముందు సెట్టింగుల ఫైలులో తప్పనిసరి గళ్లన్నీ నిండాయో లేదో ఆయన ప్రోగ్రాం చూసేది. ఒక్కటి ఖాళీగా ఉన్నా ముందుకు కదలనిచ్చేది కాదు. ఇంటికి తాళం వేసినా మూడుసార్లు లాగి చూసుకునే మనిషి.

కొత్తగా వచ్చిన టీమ్ లీడర్ ఆయనకంటే ఇరవై ఏళ్లు చిన్న.

"బాబాయ్, మీ ప్రోగ్రాం ఆడపడుచులా సాధిస్తోందని కస్టమర్ల గోల. యజమాని గడి ఖాళీగా ఉంటే ఏదో ఒకటి మనమే పెట్టేద్దాం."

"పంపినవి రద్దు చేసే హక్కు ఆ గడిలో ఉన్న ఖాతాదే. మన దగ్గరున్నది ప్రాక్టీసు ఖాతా ఒక్కటేనయ్యా. దాని తాళంచెవి నేర్చుకునేవాళ్ల ప్రతి పాఠంలోనూ అచ్చేసి ఉంది. ఊరందరి చేతికీ ఇచ్చినట్టే."

"ఓ హెచ్చరిక పడేయండి, చాలు. వచ్చే నెల మీ కాంట్రాక్టు కాగితాలు నా బల్ల మీదకే వస్తాయిగా."

ఆయన ఆ గడి తనిఖీ తీసేసి, ప్రాక్టీసు ఖాతానే పెట్టేశారు. పసుపు అక్షరాల్లో ఒక హెచ్చరిక కూడా రాశారు. దాని వెనకే ముప్ఫై వరుసలు పరుగెత్తుకొచ్చి దాన్ని తెర మీంచి తోసేసేవి. కాంట్రాక్టు మరో రెండేళ్లు పొడిగించారు.

నాలుగు నెలల తరవాత ఒక నర్సింగు స్కూలు క్లర్కు ఫోను చేసింది.

"నాలుగొందల మంది పిల్లల సర్టిఫికెట్లు సార్. ఎవడో యజమానై కూర్చుని అన్నీ రద్దు చేసేశాడు."

"యజమాని గడిలో ఏం రాశారమ్మా?"

"ఏం రాయాలో తెలీక వదిలేశాను. తప్పుంటే అదే ఆగిపోతుందన్నారు. ఆగలేదు. నన్ను తీసేస్తున్నారు. అది ఆగాల్సిందని ఒక్క ముక్క రాసివ్వండి అన్నయ్యా."

"చూస్తానమ్మా," అన్నారాయన.

సాయంత్రానికి లీడర్ స్కూలుకి జవాబు తయారుచేసి తెచ్చాడు. వివరాలు నింపే బాధ్యత వాడేవారిదే, హెచ్చరిక ఇచ్చాం అని రెండు వాక్యాలు.

"ప్రోగ్రాం రాసింది మీరు కదా బాబాయ్, సంతకం కూడా మీదే ఉండాలి."

ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

తరవాత కూర్చుని తీసేసిన తనిఖీని మళ్లీ రాశారు. ఏడు వరుసలు. సేవ్ చేయబోతే ప్రోగ్రాం ఒప్పుకోలేదు. మార్పుకు కారణం రాయనిదే తీసుకోకూడదన్న నిబంధన ఆయన పెట్టిందే. కారణం గడిలో క్లర్కు ఫోను సంగతి రాయడం మొదలుపెట్టి, సగంలో చెరిపేశారు. 'చిన్న సవరణ' అని కొట్టారు.

గడి నిండింది. ప్రోగ్రాం ఒప్పుకుంది.